మెత్తబడిన మీట

తింజాన్ నీళ్ళ పండగ దగ్గరికొచ్చిందంటే మా వీధి పిల్లలకి నిద్ర పట్టదు. ఈసారి మా మనవరాలు తనంత పొడుగున్న నీళ్ళ తుపాకి కావాలని పేచీ పెట్టి, లత పేట బజారులో ఏరి మరీ కొనిపించుకుంది. ఎర్ర ప్లాస్టిక్కు తుపాకి, వీపుకి తగిలించుకునే పచ్చ డబ్బా. ఇంటికొచ్చి నీళ్ళు పోసి చూస్తే మీట కదల్లేదు. రెండు చేతుల వేళ్ళూ దూర్చి లాగింది. అయినా కదల్లేదు. తిన్నగా నా దగ్గరికి పట్టుకొచ్చింది. ఇంట్లో బిగుసుకుపోయిన వస్తువేదైనా చివరికి నా ఒళ్ళోకే చేరుతుంది. రేవులో క్రేను నడిపినవాణ్ణి కదా, ఇలాంటివి నాకు చిటికెలో పనని మా కోడలి నమ్మకం.

"ఫోఫో, ఇది మెత్తగా చెయ్యి," అంది పిల్ల. ఫోఫో అంటే తాత. మా ఇంటి పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ నోరు విప్పితే సగం బర్మా మాటలే దొర్లుతాయి.

తుపాకి తీసుకుని వేలు మీట మీద పెట్టాను. ఎక్కడ పట్టేస్తోందో వేలికే తెలిసిపోయింది. లోపల ప్లాస్టిక్కు అంచు ఒకటి రాసుకుంటోంది. దాన్ని కాస్త నూరితే చాలు. ఆకురాయి మంచం కిందున్న పెట్టెలోనే ఉంది. నేను మాత్రం తుపాకిని పిల్ల చేతికి తిరిగిచ్చేశాను.

"వద్దు. మీట గట్టిగానే ఉండాలి," అన్నాను.

"ఎందుకు?"

జవాబు చెప్పకుండా కసిరాను. నా కసురుడు అంటే ఇంట్లో అందరికీ అలవాటే గానీ, ఆ పిల్ల మీద మాత్రం ఎప్పుడూ ప్రయోగించలేదు. మూతి ముడుచుకుని లోపలికి పోయి వాళ్ళమ్మకి బర్మా భాషలో నా మీద నేరాలు చెప్పింది. కోడలు గుమ్మంలోకి వచ్చి, ఈ మాత్రం చెయ్యలేరా అన్నట్టు చూసింది. చెయ్యలేక కాదు. మీటలు మెత్తబరచడం నాకు ఆ పిల్ల కంటే కాస్త పెద్దవాణ్ణిగా ఉన్నప్పుడే వచ్చు.

మేమప్పుడు లమ్మడాలో, రేవుకి దగ్గర్లో ఒక పాత మేడలో ఉండేవాళ్ళం. నిటారు చెక్కమెట్లు. ఎక్కేటప్పుడు ముందున్నవాళ్ళ మడమలు మన ముక్కుకి తగిలేవి. రెండో అంతస్తంతా మావాళ్ళే, ఏ తాతో ముత్తాతో గంజాం నుంచో శ్రీకాకుళం వైపు నుంచో మూటలు మొయ్యడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళ సంతతి. గడియారం ఎవరింట్లోనూ లేదు. ఓడ కూతని బట్టి అన్నం వండేవారు. ఏరు పోటెక్కినప్పుడు బురద వాసన వచ్చేది, పాటు తీసినప్పుడు ఇంకో రకం బురద వాసన. వంటిళ్ళలోంచి నపి వాసన. నపి అంటే ఇక్కడివాళ్ళు కూరల్లో వేసుకునే చేపల ముద్ద. మా నాయనమ్మ దాన్ని జన్మంతా తిట్టింది, జన్మంతా చింతపండు పులుసులో వేసుకుని తింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు సానరాయి మీద తనఖా అనే చందనం లాంటి చెక్క అరగదీసి బుగ్గలకి పూసుకుంటే ఆ చల్లటి వాసన కాసేపు మిగతా వాసనలన్నిటినీ నోరు మూయించేది.

గోడకి అవతల గది కేన్ బాబాయిది. క్రేనుని మావాళ్ళు కేన్ అనేవారు. మా నాన్న కింద మూటలు మోస్తుంటే, ఆయన పైన ఇనప గదిలో కూర్చుని కొక్కెం దింపేవాడు. చుట్టం కాదు గానీ బాబాయి అనేవాణ్ణి, ఆయన భార్యని పిన్ని అనేవాణ్ణి. వరసగా ఆడపిల్లలు పుట్టాక పుట్టిన కొడుకు చిన్నోడు. నాకంటే ఒక్క వానాకాలం చిన్న. వాడికీ మంచి పేరే పెట్టారు కానీ ఎవరూ వాడలేదు. చిన్నోడు పెద్దయితే ఏమవుతాడో మేడలో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో రేవులో తండ్రి కుర్చీ కొడుక్కి రావడం అలవాటు. చిన్నోడికి ఆ కుర్చీ మీద ఎంత మోజంటే, కిటికీ చువ్వకి తాడు కట్టి, చివర కొక్కెం వేసి, కింద సందులో పడ్డ అగ్గిపెట్టెల్ని పైకి లాగేవాడు. ఒక్కటీ తప్పేవాడు కాదు.

ఎండాకాలం వస్తే వెనక వంటిళ్ళ రేకుల మీద నాయనమ్మ రాజ్యం. కిటికీలోంచి రేకుల మీదికి దిగి, తడిగుడ్డ పరిచి మినప వడియాలు పెట్టేది. ఆ పక్కన ఉప్పు చేపలు. వాటి కోసం రేవులో ఉన్న కాకులన్నీ దిగేవి. వాటిని తోలాలి కానీ కొట్టకూడదు.

"కాకిని కొడితే మీ తాతని కొట్టినట్టేరా గుంటడా," అనేది నాయనమ్మ. "పిండం ముట్టడానికి వచ్చింది ఎవుళనుకున్నావు?"

పై అంతస్తులో ఒక బర్మా పెద్దావిడ ఉండేది. మేము డోజీ అనేవాళ్ళం. ఆవిడ ప్రాణమున్న దేన్ని కొట్టినా పాపమనేది. ఆ ఇద్దరు ముసలమ్మలకీ నీళ్ళ దగ్గర, మెట్ల దగ్గర, చెత్త దగ్గర రోజూ తగాదాయే. కాకి విషయంలో మాత్రం ఒకటైపోయారు. కాబట్టి కాకి పక్కన రేకు మీద దెబ్బ పడాలి, రేకు ఠంగుమనాలి, కాకి బెదిరి ఎగిరిపోవాలి, ఈక కూడా రాలకూడదు. ఆ పని నాకూ చిన్నోడికీ అప్పగించారు. దాని కోసమే తుపాకి చేశాం.

తుపాకి అంటే మందూ గుండూ కాదు. ఉండేలుకి పెద్దన్నలాంటిది. రేవులో పారేసిన టేకు చెక్క, సైకిల్ ట్యూబు రబ్బరు, ఉండ పెట్టడానికి చెప్పులోంచి కోసిన తోలుముక్క, విరిగిన గరిటె కాడతో మీట. రబ్బరుని వెనక్కి లాగి పట్టుకోవడానికి ఒక ఇనప కొక్కెం. ఉండలు ఏటి బురదవి. అవి కూడా నాయనమ్మ గుడ్డ మీదే, వడియాల పక్కనే ఎండేవి. ఒకరోజు ఆవిడ చూపు ఆనక, ఒక మట్టుండ నూనెలో వేగి మా నాన్న పళ్ళెంలోకి వచ్చింది. ఆయన దాన్ని కరకరమని కొరికి, నాయనమ్మ బాధపడుతుందని మింగేశాడు. "ఉప్పు కాస్త తక్కువైందే," అన్నాడు. నేనూ చిన్నోడూ మెట్ల మీదికి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

అంత అందమైన తుపాకికి ఒకటే జబ్బు, మీట గట్టి. లాగీ లాగీ వేలు ఎర్రబడేది. తీరా అది పడేసరికి ఆ ఊపుకి తుపాకి పక్కకి తిరిగిపోయేది. కాకి ఒకచోట, ఉండ ఒకచోట. ఒక ఉండ డోజీ తీగ మీద ఆరేసుకున్న లుంగీకి తగిలింది. ఇంకొకటి ఆవిడ బుద్ధుడి ముందు పెట్టుకున్న పూల గ్లాసు పగలగొట్టింది. ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వంగి బర్మా భాషలో మా ఏడు తరాలనీ కడిగింది. నాయనమ్మ మా తరపున జవాబిచ్చి, మావైపు తిరిగి తుది మాట చెప్పేసింది.

"రేపు గాని ఇది తిన్నగా పేలకపోతే పొయ్యిలో ఎడతాను."

ఆ సాయంత్రం మా నాన్న పెట్టెలోంచి ఆకురాయి తీశాను. చిన్నోడు తుపాకిని ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు. మీటకీ కొక్కేనికీ మధ్య పట్టేస్తున్న చోట నేను నూరాను. వాడు మధ్యమధ్య వేలు పెట్టి చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు. చివరికి ఒకసారి లాగి చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలన్నా. ఇంకా నూరితే జారిపోద్ది."

వాడి మాట అక్షరాలా నిజం. అప్పటికి మీట ఎలా ఉండాలో అలా ఉంది. మర్నాడు రేకుల మీద ఉండ ఎక్కడ పడమంటే అక్కడ పడింది. కాకులు మా తలలు కిటికీలో కనిపిస్తేనే లేచిపోయేవి. నాయనమ్మ మొదటి వాయి వడియాలు వేయించి, కొంగు చాటున పెట్టి మాకిద్దరికీ తెచ్చింది. డోజీ కూడా పై నుంచి చూసి తల ఊపింది. మా బతుకులో అంత గౌరవం అదే మొదలు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. గురి బాగా కుదిరేది చిన్నోడికి, నాకు కాదు. తేడా మీటలో లేదని, చేతిలో ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా ఒప్పుకోలేదు. నేను అన్నని. ఇంకా మెత్తబడితే నాకూ కుదురుతుందనిపించింది. పడౌ చెట్లు పసుప్పచ్చగా పూసి, తింజాన్ రేపో మాపో అనగా, మధ్యాహ్నం వాడు మంగలి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్కణ్ణే కూర్చుని మళ్ళీ నూరాను. పైకెళ్ళి డోజీ బుద్ధుడి ముందు ఆరిపోయిన కొవ్వొత్తి ముక్క ఎత్తుకొచ్చి కొక్కేనికి రాశాను. మీట మీద వేలు ఆనిస్తే చాలు, టక్కుమని పడిపోయింది. మంచి పనిమంతుణ్ణని మురిసిపోయాను. చిన్నోడికి ముందే చెప్పకుండా, వాడు పేల్చబోయినప్పుడు బిత్తరపోతే చూడాలనుకున్నాను.

మా రబ్బరు గట్టిది, ఒక్కరి వల్ల కాదు. తుపాకి మడమ నేను పొట్టకి ఆనించి పట్టుకుంటే, చిన్నోడు ఎదురుగా నిలబడి, ఉండ పెట్టిన తోలుముక్కని రెండు బొటనవేళ్ళతో నావైపు నెట్టి కొక్కేనికి తగిలించేవాడు. ఆ తరవాత ఉండ సరిగ్గా కూర్చుందా లేదా అని వంగి చూసేవాడు. ప్రతిసారీ చూసేవాడు. నా వేలు ప్రతిసారీ మీట మీదే ఉండేది. గట్టి మీట రోజుల్లో వేలు అక్కడ పెట్టుకోవడం అలవాటైపోయింది. వాలినా అది కదిలేది కాదు కదా.

వాడు కొత్త క్రాఫుతో వచ్చాడు. మెడ మీద పౌడరు వాసన. తోలుముక్క నెట్టాడు, తగిలించాడు, వంగాడు.

నేను లాగలేదు. ఎవరడిగినా ఇదే చెబుతాను. కానీ లాగనక్కర్లేకుండా చేసింది నేనే.

వాడు ఏడవలేదు. ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో కంటితో నన్ను చూసి, "ఏటయిందన్నా?" అన్నాడు. నాయనమ్మ పెట్టిన కేకకి కాకులన్నీ లేచిపోయాయి. మా నాన్న వాణ్ణి భుజాన వేసుకుని ఆ నిటారు మెట్లు ఎలా దిగాడో తెలియదు. నేను వెనకాలే దిగుతూ అందరికీ చెప్పాను, నేనే మళ్ళీ నూరాను, నేనే మళ్ళీ నూరాను అని. మా అమ్మతో చెప్పాను, పిన్నితో చెప్పాను, ఆసుపత్రి వరండాలో కేన్ బాబాయి ముందు నిలబడి చెప్పాను. ఒక్కరూ వినిపించుకోలేదు.

"నువ్వేటి సేత్తావురా, పిల్లలాట," అన్నాడు బాబాయి. "ఆడి రాత అలగుంది."

దెబ్బలు పడతాయనుకున్నాను. పడలేదు. ఎవరైనా నన్ను చావగొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కన్ను దక్కలేదని ఆసుపత్రిలో చెప్పిన రోజు నాయనమ్మ తుపాకిని నిజంగానే పొయ్యిలో పెట్టింది. టేకు కదా, బాగా మండింది. ఆ మంట మీదే అన్నం వండింది. నేను ఆ అన్నం తిన్నాను.

ఆ ఏడు మా అంతస్తులో ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. కిందంతా కేకలూ డప్పులూ. పండగ ముగిసిన మర్నాడు, బర్మావాళ్ళ కొత్త సంవత్సరం రోజు పొద్దున అమ్మ నాకు తలంటి, కొబ్బరికాయా అరటిపళ్ళూ పెట్టిన పళ్ళెం చేతికిచ్చింది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి తల ఆనించి మొక్కుతారు. ఏడాది పొడుగునా ఒంటితో గానీ నోటితో గానీ మనసుతో గానీ చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు. దాన్ని కడో అంటారు. బర్మావాళ్ళ ఆచారమే గానీ, ఇన్ని తరాలు ఇక్కడున్నాక మాదీ అయిపోయింది. అడిగితే పెద్దలు మన్నించి తీరాలి, కాదనకూడదు.

గోడ అవతలికి వెళ్ళాం. కేన్ బాబాయికి మొక్కాను. పిన్నికి మొక్కాను. ఇద్దరూ నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు. ఆవిడ పక్కనే చాప మీద చిన్నోడు, కంటికి దూది కట్టుతో. ముందురోజు డోజీ పంపిన ఉండ్రాళ్ళు తింటున్నాడు. బెల్లం కూరి నీళ్ళలో ఉడికించిన ఆ ఉండలు తింజానుకి చేస్తారు. కొన్నిట్లో బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ కూరి పిల్లల్ని ఏడిపిస్తారు. నేను పళ్ళెం పక్కన పెట్టి వాడివైపు తిరిగి మోకాళ్ళ మీద వంగబోయాను.

పిన్ని చటుక్కున నా భుజం పట్టుకుంది.

"వద్దు నాయినా, వద్దు. నువ్వు పెద్దోడివి. పెద్దోడు మొక్కితే చిన్నోడికి ఆయుష్షు తగ్గిపోద్ది."

అప్పటికే కన్ను పోయిన కొడుకు. ఆవిడ భయం ఆవిడది. నేను వంగినవాణ్ణి అలాగే ఆగిపోయాను. అప్పుడావిడ, ప్రతి ఏడూ చెప్పినట్టే చిన్నోడికి చెప్పింది.

"ఒరే, లెగు. అన్నకి కడో పెట్టు."

వాడు చేతికంటిన బెల్లం లాగుకి తుడుచుకుని లేచాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తప్పులేవైనా ఉంటే మన్నించమని నన్నడిగాడు. కట్టు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, నేలకి నుదురు ఆనించాడు.

"దీవించరా," అంది మా అమ్మ వెనక నుంచి.

"చల్లగా ఉండు," అన్నాను. గోడ ఇవతలికి వచ్చి కక్కుకున్నాను. ఎండదెబ్బ అనుకుని అమ్మ మజ్జిగ ఇచ్చింది.

కట్టు విప్పేశాక చిన్నోడు మళ్ళీ మామూలైపోయాడు, చూసేవాళ్ళకి. ఎవరైనా జాలిగా మాట్లాడితే, "కేసా మషీబూ," అనేవాడు. పర్లేదు, ఏం మునిగిపోలేదు అని. నేను ఆ సంగతి ఎత్తబోయినా అదే మాట. కిటికీ చువ్వకి తాడు మాత్రం మళ్ళీ కట్టలేదు.

మీసాలు మొలుస్తున్న వయసులో కేన్ బాబాయి వాణ్ణి రేవుకి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. వాణ్ణి పైన కుర్చీలో కూర్చోబెట్టి, కింద బియ్యం బస్తాల మీదికి కొక్కెం దింపమన్నాడు. కొక్కెం బస్తాలకి బారెడు అవతల దిగింది. మళ్ళీ ఎత్తి దింపాడు. ఈసారి ఇవతల. ఒంటి కంటికి దూరం అందదట. అది అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. చిన్నోడు నిచ్చెన దిగొచ్చి, తండ్రి ముఖం చూడకుండా, "కేసా మషీబూ," అన్నాడు.

తరవాత కొన్నాళ్ళకి బాబాయి మా ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, మా నాన్నతో అన్నాడు.

"ఆ కుర్చీ పరాయోడికి పోవడం నాకిష్టం నేదు. నీ కొడుకుని అంపు. ఆడైనా ఈడైనా నాకొకటే."

నేను అక్కడే ఉన్నాను. వద్దనొచ్చు. నాకు అది అక్కర్లేదని, ఇంకెవరికైనా ఇవ్వమని అనొచ్చు. తుపాకి సంగతి పిల్లతనం అనుకుంటే అనుకోండి, ఇది పిల్లతనం కాదు. నేను కాదనలేదు. నెత్తి మీద బస్తా లేని బతుకు, జీతం, నీడ పట్టున కూర్చునే కుర్చీ. ఆశ పడ్డాను. ఆ కుర్చీలో కూర్చుని పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని చదివించాను, ఈ ఇల్లు అమర్చుకున్నాను. చిన్నోడు బస్సు తలుపుకి వేలాడుతూ ఊళ్ళ పేర్లు అరిచే స్పేరు పని చేశాడు. గొంతు పోయాక తమలపాకుల బండి పెట్టుకున్నాడు. ఇప్పుడు మింగళాడోన్‌లో కూతురి దగ్గరుంటున్నాడు. విమానాలు నెత్తి మీంచే పోతాయట.

మేమున్న మేడ లేదు. దాని చోట లిఫ్టున్న మేడ లేచింది. వడియాలు పెట్టే రేకులు లేవు, కేన్ బాబాయి లేడు, పిన్ని లేదు. కడో మాత్రం మిగిలింది. ప్రతి కొత్త సంవత్సరానికీ చిన్నోడు బస్సులు మారి వస్తాడు, నాకు మొక్కుతాడు, తప్పులు మన్నించమంటాడు. నేను చల్లగా ఉండు అంటాను. వాడి కన్ను తీసినవాణ్ణి, వాడి కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏటా వాణ్ణి క్షమిస్తున్నాను. వాడొచ్చే రోజు దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సయించదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ తింజాన్ ఎండలు నాకు పడవనుకునేది.

ఈ ఏడూ వచ్చాడు. తలంతా నెరిసింది. చేతిలో కొబ్బరికాయ, అరటి హస్తం. కుర్చీ జరిపి, "కూకో అన్నా," అన్నాడు. తువ్వాలు నేల మీద పరిచాడు. మోకాళ్ళు పటపటమంటుంటే బల్ల పట్టుకుని మెల్లగా వంగాడు.

"ఉండరా," అన్నాను. కుర్చీలోంచి లేచి, వాడికెదురుగా నేనూ వంగబోయాను. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నదే. వాడు నా రెండు జబ్బలూ గట్టిగా పట్టేసుకున్నాడు.

"ఏటన్నా ఇది? నువ్వు నాకు మొక్కుతావేటి? నా ఆయుష్షు తగ్గించీకు. మా అమ్మి కూతురి పెళ్ళి సూడాల నాను."

నవ్వుతూనే అన్నాడు కానీ చేతులు వదల్లేదు. పిన్ని నన్ను పట్టుకున్న చోటే పట్టుకున్నాడు. నిజంగా తగ్గుతుందో లేదో నాకు తెలియదు. తగ్గుతుందేమోనన్న భయం నాకూ ఉంది. వాడి దగ్గర నేను తీసుకున్నవి చాలు.

మా మనవరాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది, భుజానికి నీళ్ళ తుపాకితో. నాకు ఒక ఆలోచన తోచింది.

"ఇలా రామ్మా," అన్నాను. "చిన్న ఫోఫోకి కడో పెట్టు. నా బదులు నువ్వు పెట్టు."

తుపాకి గోడకి ఆనించి వచ్చింది. మోకాళ్ళ మీద బుద్ధిగా కూర్చుని చేతులు జోడించింది. ఆగి నావైపు తిరిగింది.

"ఫోఫో, ఏం తప్పని చెప్పాలి?"

కడోలో తప్పు పేరు ఎవరూ చెప్పరు. అన్నీ కలిపి ఒక్క మాటలో కట్టేస్తారు. నా బదులు అన్నాను కాబట్టి పిల్ల అడిగింది.

"మీట మళ్ళీ నూరినందుకని చెప్పు," అన్నాను. "చిన్నోడు చాలన్నాక కూడా నూరినందుకని. వాడి కుర్చీలో కూర్చున్నందుకని."

పిల్ల ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ అంది. "మీట మళ్ళీ నూరినందుకు... చిన్నోడు చాలన్నాక కూడా... వాడి కుర్చీలో కూర్చున్నందుకు..." చిన్నోడంటే ఎదురుగా ఉన్న ముసలాయనేనని దానికి తెలియదు. నేలకి నుదురు ఆనించింది.

కేసా మషీబూ అంటాడని చూశాను. అనలేదు. తువ్వాలు అంచుతో మూసుకుపోయిన కంటిని ఒత్తుకున్నాడు. నావైపు చూడకుండా, వంగిన పిల్ల జడల్ని చూస్తూ అన్నాడు.

"శానా నొప్పెట్టిందన్నా. అమ్మ ఏడుస్తాదని ఎవుళికీ సెప్పనేదు. కేన్ దిగినోజు అంతకన్నా నొప్పెట్టింది."

నేను ఏడ్చేశాను. వాడు నన్ను ఊరుకోబెట్టలేదు. కాసేపటికి పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు.

"తప్పే. ఆ తప్పు కాసీసినాను. సల్లగా ఉండమ్మా."

దీవెన పిల్ల నెత్తిన పడింది. అందులో నా వాటా ఎంతో నేను అడగలేదు. అడిగే హక్కు లేదు కూడా.

పిల్ల లేచి, పని అయిపోయిందన్నట్టు తుపాకి తెచ్చి వాడి ముందు పెట్టింది. "చిన్న ఫోఫో, దీని మీట గట్టిగా ఉంది. ఫోఫో బాగు చెయ్యనన్నాడు."

చిన్నోడు తుపాకి అందుకుని మీట మీద వేలు పెట్టి లాగి చూశాడు. పండగంతా ఈ పిల్ల దీంతో ఎలా వేగిందో. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"మీ ఫోఫోయే సేత్తాడు," అన్నాడు పిల్లతో. "ఒక్కసారి నూరితే సాలని సెప్పు."

మంచం కింద పెట్టె లాగి ఆకురాయి తీశాను. చిన్నోడు ఒళ్ళో తుపాకి పెట్టుకుని కదలకుండా పట్టుకున్నాడు. నేను నూరాను. వాడు వేలు పెట్టి చూసి, ఇంకొంచెం అన్నాడు. నూరాను. మళ్ళీ వేలు పెట్టి చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలన్నా."

ఆపేశాను.